పేరు, పరువు, పాట

'పేరున్న కవి' అంటాం. పేరంటే పరువు అనే అర్థం భాషలోనే ఉంది. మరి ఊళ్ళో దళితుని పేరు దొరల నోట ఎట్లా పలికింది? ఎల్లయ్య 'ఎల్లిగాడు' అయ్యాడు, పోచమ్మ 'పోచి' అయింది. మనిషికి పేరుంచి పరువు తీసెయ్యడమే కులం చేసిన పని. అందుకే దళితులకు పేరు సొంత వ్యవహారం కాదు, రాజకీయం.

1994లో మొదలైన దండోరా ఉద్యమంలో కార్యకర్తలు తిట్టుగా వాడిన 'మాదిగ' పదాన్నే పేరు చివర పెట్టుకున్నారు. శర్మ, రెడ్డి గౌరవమైతే ఇది ఎందుకు కాదు? నాగప్పగారి సుందర్రాజు తన కథల పుస్తకానికి 'మాదిగోడు' అనే పేరే పెట్టాడు. తిట్టు అట్టమీది కెక్కి తలెత్తుకుంది.

పాటది ఇంకో దారి. తూప్రాన్‌ దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు 'గద్దర్' అయ్యాడు. 1913లో అమెరికాలోని భారతీయ వలసదారులు పెట్టిన గదర్ పార్టీ ఈ పేరుకు మూలం. ఉర్దూలో గదర్ అంటే తిరుగుబాటు, గద్దార్ అంటే ద్రోహి. తిరగబడ్డవాడు ఏలికలకు ద్రోహే కదా! ఈ పేరుకు పరువిచ్చింది బిరుదులు కావు, పాట విన్న జనం. 1997లో దేహంలో దిగిన తూటాలు ఆ పేరుకు కట్టిన వెల.

2023లో ఆయన పోయాక తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆ పేరు పెట్టింది. గౌరవమే, కాదనం. కానీ పేరు మిగిలి తిరుగుబాటు పోతే, ఎల్లయ్యను ఎల్లిగాడు చేసినట్టే. పేరు నిలవాలంటే అర్థం నిలవాలి.