టెక్సస్ దస్తావేజుల నమోదు - తెలుగు పేర్ల చిక్కు

వ్యాససంగ్రహం: అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో స్థిరాస్తి దస్తావేజును కౌంటీ క్లర్క్ కార్యాలయంలో నమోదు చేసే విధానాన్ని, మన రిజిస్ట్రేషన్‌తో దానికి గల భేదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. అక్కడి నమోదుకు పేర్ల సూచికే ఆధారం కావడం వల్ల తెలుగు పేర్లకు ఎదురయ్యే సమస్యను ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దస్తావేజు, నమోదు, కౌంటీ క్లర్క్, సూచిక, ఇంటిపేరు.

ఉపోద్ఘాతం

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ పరిసరాలలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారు స్వదేశంలోని బంధువులకు “రిజిస్ట్రేషన్ అయిపోయింది” అని చెబుతుంటారు. మాట మనకు చిరపరిచితమే. అక్కడ జరిగిన పని మాత్రం మనం ఆ మాటతో ఊహించుకునే పని కాదు. టెక్సస్‌లోని 254 కౌంటీలలోనూ ఈ బాధ్యత కౌంటీ క్లర్క్‌ది. ఆ కార్యాలయం చేసేది దస్తావేజును స్వీకరించి, ప్రజలందరూ చూడగలిగేలా భద్రపరచడం. దీనిని ‘నమోదు’ అనడమే సముచితం.

హక్కు ఎప్పుడు మారుతుంది?

మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. రిజిస్టరు కాని విక్రయ దస్తావేజు ఆ ఆస్తి విషయంలో ఫలితమివ్వదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షను చెబుతుంది. రాసి ఇచ్చినవారు సబ్‌రిజిస్ట్రారు ఎదుట ఒప్పుకోవాలి, ఫొటోలు, వేలిముద్రలు ఇవ్వాలి. కాబట్టి హక్కు మారిన ఘట్టంగా మన మనసులో నిలిచేది ఆ కార్యాలయంలో గడిపిన పూటే.

టెక్సస్‌లో విక్రయదారు సంతకం చేసిన లిఖిత దస్తావేజును కొనుగోలుదారుకు అప్పగించడంతోనే హక్కు మారుతుంది. సంతకం తనదేనని విక్రయదారు నోటరీ ఎదుట ఒప్పుకుంటే ఆ పత్రానికి నమోదు యోగ్యత వస్తుంది. సాధారణంగా కొన్నవారు గానీ అమ్మినవారు గానీ క్లర్క్ ఎదుటికి వెళ్లరు. లావాదేవీ జరిపించిన టైటిల్ కంపెనీయే పత్రాన్ని పంపుతుంది. అమ్మినవారికి నిజంగా హక్కు ఉన్నదా అని క్లర్క్ విచారించరు. అది ఆయన పని కాదు.

అయితే నమోదు ఎందుకు? అమ్మిన వ్యక్తి అదే ఇంటిని మరొకరికి మళ్లీ అమ్మాడనుకుందాం. నమోదు కాని మొదటి దస్తావేజు ఆ ఇద్దరి మధ్య, వారి వారసుల మధ్య, సంగతి ముందే తెలిసినవారిపై చెల్లుతుంది. ఏమీ తెలియక, విలువ చెల్లించి తరువాత కొన్నవారిపై చెల్లదు. నమోదైన పత్రం మాత్రం అందరికీ నోటీసు అవుతుంది. దానిని చూడలేదనడం సాకు కాదు. ఈ ఆలోచన అమెరికాకు కొత్తది కాదు. మాసచూసెట్స్ బే వలసలో 1640 నాటికే ఇటువంటి నమోదు శాసనం వెలువడింది.

పత్రంలో ఏముంటుంది?

మన దస్తావేజులు చూసినవారికి టెక్సస్ దస్తావేజు వెలితిగా తోస్తుంది. విక్రయ ధర చాలా పత్రాలలో కనిపించదు. “పది డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం” అనే అర్థమిచ్చే వాక్యంతో సరిపెడతారు. ధరను బట్టి విధించే స్టాంపు డ్యూటీ వంటిది అక్కడ లేదు. స్థిరాస్తి బదిలీ పన్నును నిషేధిస్తూ 2015లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించారు కూడా. నమోదుకు మూల రుసుము మొదటి పుటకు 5 డాలర్లు, తరువాతి ప్రతి పుటకు 4 డాలర్లు. రికార్డుల నిర్వహణ వంటి వాటికి మరికొంత కలుస్తుంది. ఇంటి విలువతో దీనికి సంబంధం లేదు. కొనుగోలుదారు తపాలా చిరునామా లేకపోతే అపరాధ రుసుము పడుతుంది.

చెక్కుబందీ స్థానంలో పట్టణాలలో లాటు, బ్లాకు, లేఅవుటు పేరు ఉంటాయి. పాత గ్రామీణ భూములలో స్పానిష్ పాలన నాటి ‘వారా’ కొలత ఇంకా కనిపిస్తుంది. ఒక వారా 33⅓ అంగుళాలు. పాలకులు పోయినా కొలతలు పోకపోవడం మన గజం, కుంట ఎరిగినవారికి వింత కాదు.

పేరే తాళంచెవి

మన రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షను స్థిరాస్తి దస్తావేజులకు రెండు సూచికలు కోరుతుంది. ఒకటి వ్యక్తుల పేర్లది, రెండవది ఆస్తి వివరాలది. పేరు తప్పుగా పడినా సర్వే నంబరు పట్టుకొని వెదకవచ్చు. టెక్సస్ వ్యవస్థకు వెన్నెముక ఇచ్చినవారి, పుచ్చుకున్నవారి పేర్ల సూచిక. నేటి యజమాని ఎవరి వద్ద కొన్నారు, వారు ఎవరి వద్ద కొన్నారు అని పేరు వెంట పేరు పట్టుకొని వెనక్కు వెళ్లాలి. నడుమ ఒక పేరు రూపం మారితే గొలుసు తెగినట్లు కనిపిస్తుంది.

సూచిక చివరి పేరును బట్టి అమరుతుంది. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తినామం తరువాత. దానిని తారుమారు చేయకుండా రాస్తే సూచికలో లక్ష్మి, రావు, రెడ్డి వంటివే ఇంటిపేర్లవుతాయి. రోమన్ లిపిలో లక్ష్మి పేరును ఎక్స్‌తో రాసేవారూ, కె, ఎస్, హెచ్‌లతో రాసేవారూ ఉన్నారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలినవారికి మరో ముప్పు. అమెరికా వీసాలో పూర్తి పేరంతా ఇంటిపేరు స్థానానికి చేరి, మొదటి పేరు స్థానంలో ‘పేరు తెలియదు’ అని సూచించే ‘ఎఫ్‌ఎన్‌యూ’ అనే మూడక్షరాలు పడతాయి. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఉండగా, పేరే లేనివారవుతారు!

వీసా మీద ఉన్నప్పుడు ఆ రూపంలో ఇల్లు కొని, పౌరసత్వంతోపాటు పేరు సరిచేసుకొని, తరువాత అమ్మబోయేవారి పరిస్థితి చూడండి. కొన్న పేరు వేరు, అమ్ముతున్న పేరు వేరు. ఇద్దరూ ఒకరేనని రికార్డు దానంతట అది చెప్పదు. వివాహానంతరం భర్త ఇంటిపేరు స్వీకరించిన స్త్రీలకూ ఇదే చిక్కు. నివాసగృహం అమ్మాలంటే సాధారణంగా దంపతులిద్దరి సంతకాలూ కావాలి కనుక, భార్య పేరులోని తేడా వల్ల కూడా విక్రయం ఆగిపోవచ్చు.

పరిష్కారం కష్టమైనది కాదు. అమ్మకపు దస్తావేజులో “పూర్వం ఫలానా పేరుతో వ్యవహరింపబడిన” అనే అర్థమిచ్చే మాట చేర్చాలి. కొన్న దస్తావేజులోనే అక్షరదోషముంటే సవరణపత్రం నమోదు చేయించవచ్చు. టెక్సస్ ఆస్తి చట్టం పేరు వర్ణక్రమాన్ని స్వల్ప సవరణలలో చేర్చింది. వాస్తవాలు స్వయంగా తెలిసిన వ్యక్తి దానిని రాసి, మూల దస్తావేజులోని పక్షాలకు ప్రతులు పంపాలి. ఆ సవరణ మూల దస్తావేజు తేదీ నుండే వర్తిస్తుంది. ఈ పత్రమూ చేరేది ఆ పేర్ల సూచికలోనే. కాబట్టి పాత రూపంతో వెదికినవారికీ, కొత్త రూపంతో వెదికినవారికీ దొరికేలా రెండు పేర్లనూ అందులో పూర్తిగా రాయించాలి.