నీటిపక్షులు - కోళ్ల తెగులు

2025 ఫిబ్రవరిలో తూర్పుగోదావరి జిల్లా కానూరునందును, పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరునందును కోళ్లు విస్తారముగా చచ్చెను. భోపాలు ప్రయోగశాలవారు పరీక్షించి, యిది ఎచ్5ఎన్1 అను పక్షి ఇన్‌ఫ్లుయెంజా యని నిర్ధారించిరి.

"కొక్కెర తెగులునకు టీకా వేయించితిమి గదా" యని కొందరు సభ్యులు తలపవచ్చును. ఆ వైరసు వేరు, ఈ వైరసు వేరు. ఆ టీకా దీనికి పనిచేయదు.

ఎచ్, ఎన్ అనునవి ఈ వైరసు పైపొరనుండు రెండు మాంసకృత్తులు. నీటిపక్షులయందు మొదటిది కనీసము 16 రకములుగను, రెండవది 9 రకములుగను కనబడినది. వైరసుయొక్క బీజద్రవ్యము ఎనిమిది తునకలుగా నుండును. రెండు తెగలు ఒకే బాతు శరీరమున చేరినచో, రెండు పేకకట్టలు కలిపి పంచినట్లు, తునకలు తారుమారై క్రొత్త తెగ పుట్టును. అడవిబాతులు తరచు తాము జబ్బుపడకయే వీనిని రెట్టతో నీటిలో విడుచును.

చలికాలమున కొల్లేటికి వలసపక్షులు వచ్చును. అట్టి పక్షులు దిగు నీటిపట్టులందును, కోసిన వరిచేలయందును మన బాతులమందలు మేయును. ఆ బాతులే పెరటికోళ్లతో కలిసినచో తెగులునకు దారి యేర్పడును. ఆ దారిని మూయుట మన చేతిలోని పని.

కావున మా మనవి యేమనగా: బాతులను, కోళ్లను వేరువేరుగా నుంచుడు. చెరువునీటిని శుద్ధిచేయక కోళ్లకు పెట్టకుడు. కోళ్లు హఠాత్తుగా చచ్చినచో కాలువలో పారవేయకుడు, మిగిలినవానిని అమ్మకుడు. వెంటనే పశువైద్యునికి తెలుపుడు. ఒకరు దాచిన తెగులు ఊరికెల్ల నష్టము.