బేరింగుకు బిగువెంత? పడవ డ్రైవ్ ఆయుష్షు తేల్చే లెక్క

అమెరికా సరస్సుల్లో, స్వీడన్ తీరంలో జనం షికారుకు తీసుకెళ్లే మోటారు బోట్లలో చాలావాటికి ఇంజను పడవ లోపల, వెనక గోడను ఆనుకుని ఉంటుంది. ప్రొపెల్లరున్న కాలు మాత్రం గోడకు బయట నీళ్లలో ఉంటుంది. ఇంజను శక్తిని ప్రొపెల్లరుకు చేర్చే ఆ కాలే స్టెర్న్‌డ్రైవ్. లోతు తక్కువైతే దాన్ని పైకి ఎత్తొచ్చు. పక్కకు తిప్పితే పడవ మళ్లుతుంది, వేరే చుక్కాని అక్కర్లేదు.

ఈ ఏర్పాటును జనంలోకి తెచ్చింది స్వీడన్ కంపెనీ వోల్వో పెంటా. అమెరికన్ ఇంజినీరు జిమ్ విన్ ఆలోచనతో తయారైన ఆక్వామాటిక్ డ్రైవ్‌ను 1959లో న్యూయార్క్ బోట్ షోలో ప్రదర్శించింది. రెండేళ్లకే మెర్‌క్రూజర్ అనే మరో డ్రైవ్ పోటీకి దిగింది. వోల్వో అన్న పేరును మొదట 1915లో రిజిస్టరు చేయించింది ఎస్‌కెఎఫ్ అనే బేరింగుల కంపెనీ. నలభై ఏళ్లు దాటాక ఆ పేరుతో వచ్చిన పడవ డ్రైవ్ కూడా బేరింగుల మీదే బతుకుతోంది.

కారణం దాని నిర్మాణంలోనే ఉంది. ఇంజను నుంచి అడ్డంగా వచ్చిన శక్తి పై పెట్టెలో నిలువుకు మళ్లుతుంది. కింది పెట్టెలో మళ్లీ అడ్డానికి తిరిగి ప్రొపెల్లరుకు చేరుతుంది. ప్రతి మలుపులోనూ బెవెల్ గేర్లుంటాయి. లోడు పడగానే ఈ గేర్లు ఒకదాన్నొకటి పక్కకూ, వెనక్కీ నెట్టుకుంటాయి. రెండు వైపుల తోపునూ కాసే పని చాలాచోట్ల టేపర్ రోలర్ బేరింగులది. గుర్రపు బండ్లు తయారుచేసే హెన్రీ టింకెన్ 1898లో అమెరికాలో పేటెంటు పొందింది ఈ రకం బేరింగుకే. రోలర్లు ఒక కొసన సన్నగా ఉంటాయి కాబట్టి బరువును, తోపును రెండింటినీ మోస్తాయి. అయితే ఒక బేరింగు ఒక దిక్కు తోపునే ఆపగలదు. అందుకే ఎదురెదురుగా జంటగా వేస్తారు.

ఆ జంటను ఎంత బిగించాలన్నదే అసలు చిక్కు. లూజుగా వదిలితే షాఫ్టు ముందుకూ వెనక్కూ ఆడుతుంది. గేరు పళ్లు నిండుగా కలవకుండా అంచుల మీద రాసుకుంటాయి, కొన్నాళ్లకు పెచ్చులూడతాయి. అందుకని బేరింగులో ఆ కదలిక, అంటే ప్లే, అంతా పోయాక ఇంకొంచెం బిగిస్తారు. షాఫ్టు మీద ఏ లోడూ లేనప్పుడే రోలర్లకు పడే ఆ ముందస్తు ఒత్తిడిని ప్రీలోడ్ అంటారు.

బిగువు మంచిదే కదా అని మరీ బిగిస్తే ఏమవుతుంది? రోలర్ బేరింగుల లెక్కలో లోడు రెట్టింపైతే ఆయుష్షు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అతిగా బిగిస్తే వేడి పుడుతుంది, ఆయిలు పొర పలచబడుతుంది, ఉక్కు నీలం రంగుకు తిరుగుతుంది.

వేడితో ఇంకో తిరకాసు ఉంది. డ్రైవ్ పెట్టె అల్యూమినియం, లోపలి షాఫ్టు ఉక్కు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బేరింగుల మధ్య 100 మిల్లీమీటర్ల దూరం ఉండి 50 డిగ్రీల వేడి పెరిగితే, రెండింటి మధ్య తేడా సుమారు 0.05 మిల్లీమీటర్లు. బేరింగులు ఏ వైపుకు తిరిగి ఉన్నాయన్న దాన్నిబట్టి ఆ తేడా బిగువును పెంచొచ్చు, తగ్గించొచ్చు. వర్క్‌షాపులో చల్లగా ఉన్నప్పుడు పెట్టే బిగువును కంపెనీ ఇవన్నీ చూసుకునే నిర్ణయిస్తుంది.

ఈ బిగువును నట్టు బిగించిన బలంతో కొలవరు, షాఫ్టును తిప్పడానికి పట్టే బలంతో కొలుస్తారు. చాలా డ్రైవ్‌లలో అది ఒక న్యూటన్ మీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే 10 సెంటీమీటర్ల పట్టీ కొసన కిలో బరువు వేలాడదీసినంత. నట్టు బిగించే పెద్ద టార్క్ రెంచి ఇంత చిన్న విలువను చూపలేదు. దీనికి చిన్న కొలతల రెంచి వేరే కావాలి. అది లేనివాళ్లు షాఫ్టుకు దారం చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగుతారు. త్రాసు చూపిన బలాన్ని షాఫ్టు వ్యాసార్ధంతో గుణిస్తే జవాబు వస్తుంది.

కొలిచేటప్పుడు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. బేరింగులకు ఆయిలు పట్టించి, రోలర్లు సర్దుకునేలా షాఫ్టును బాగా తిప్పాలి. మాన్యువల్ వేరుగా చెప్పకపోతే ఆయిలు సీలు వేయకముందే కొలవాలి, లేదంటే సీలు రాపిడి కూడా లెక్కలో కలుస్తుంది. కదలిక మొదలైనప్పుడు కనిపించే అంకెను వదిలేసి, నిలకడగా తిరిగేటప్పటి అంకె తీసుకోవాలి. పాత బేరింగునే మళ్లీ వాడితే కొత్తదానికంటే తక్కువ బిగువు పెట్టాలి, ఎందుకంటే దాని ముఖాలు అప్పటికే అరిగి నునుపెక్కి ఉంటాయి.

అంకె తేడా వస్తే సరిచేసే పద్ధతి డ్రైవ్‌ను బట్టి మారుతుంది. కొన్నింటిలో షిమ్ములనే పలచటి ఉక్కు రేకులు మారుస్తారు. వెంట్రుక మందంలో తేడా చాలు, అంకె ఎటో వెళ్లిపోతుంది. కొన్నింటిలో బిగించేకొద్దీ నలిగే స్పేసరు ఉంటుంది. దాంతో జాగ్రత్త. నట్టును కొంచెం కొంచెంగా తిప్పుతూ ప్రతిసారీ కొలవాలి. హద్దు దాటితే నట్టు వెనక్కి తిప్పి లాభం లేదు, నలిగిన స్పేసరు మళ్లీ లేవదు. దాన్ని పారేసి కొత్తది వేయాల్సిందే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ యాక్సిల్‌లో క్రౌన్, పినియన్ గేర్లు బిగించే మెకానిక్కులకు ఈ పని కొత్తేమీ కాదు. ఆ యాక్సిల్‌లోనూ ఇవే రోలర్లు, ఇదే లెక్క.

ప్రీలోడ్ కుదిరాకే మిగతా పనులు. గేరు పళ్ల మధ్య ప్లేను డయల్ గేజితో చూస్తారు. పళ్లకు రంగు పూసి తిప్పి, అచ్చు పంటి మధ్యలో పడుతోందో లేదో పరీక్షిస్తారు. ఆఖరున పెట్టెలోకి గాలి పంపి లీకేజీ పరీక్ష చేస్తారు. ఎందుకంటే ఎంత చక్కగా బిగించిన బేరింగయినా నీళ్లు చేరితే తుప్పు గుంటలు పడి పాడవుతుంది. గేరు ఆయిలు పాలరంగుకు మారిందంటే నీళ్లు దిగాయన్నమాట. డ్రెయిను ప్లగ్గుకు ఇనుప పెచ్చులు అంటుకుంటే లోపల ఏదో అరుగుతోందన్నమాట.

చేతికి తగిలిన బిగువును నమ్మి "బాగానే ఉంది" అనే మెకానిక్కుకు ఈ పని అప్పగించకూడదు. డ్రైవ్ విప్పి బాగు చేయించుకునేవారు ఆ మోడల్ మాన్యువల్ ఇచ్చిన అంకెను, మెకానిక్కు కొలిచిన అంకెను రెండింటినీ బిల్లు మీద రాయించుకోవాలి.