పెన్సిలు వున్నదా, నాయనా?

ఏప్రిల్ నెలాఖరున మా మేనల్లుడు గిద్దలూరులో రైలెక్కి, మార్కాపురం రోడ్డులో దిగి, ఆటోలో మా యింటికి వచ్చాడు. భుజాన వొక సంచీ, ముఖాన ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం లెక్కలు తప్పిన దిగులు. వాడికంటె ముందే మా బావగారి ఫోను వచ్చింది.

"మీరు ముప్పై యేళ్ళు లెక్కలు చెప్పినవారు. ఆ కబడ్డీ పిచ్చి వదిలించి, వాడి బుర్రలోకి నాలుగు లెక్కలు ఎక్కించండి. కబడ్డీ కూడు పెడుతుందా, బావగారూ?"

నేను "సరే"నన్నాను. మర్నాడు పొద్దున్నే వాణ్ణి కూర్చోబెట్టి, "నోటుబుక్కు తియ్యరా" అన్నాను. తీశాడు. "పెన్సిలేదీ?" అన్నాను. సంచీ అంతా గాలించాడు. మోకాలికి కట్టుకొనే పట్టీ దొరికింది, కూత పెట్టి పెట్టి బొంగురు పోయిన గొంతుకు వాళ్ళమ్మ పెట్టిన మిరియాల పొట్లం దొరికింది, పెన్సిలు మాత్రం లేదు. పలకలకు పేరుపడ్డ వూరు మాది. యిక్కడి గనుల రాయి ఎన్నో బళ్ళలో పిల్లల చేత అక్షరాలు దిద్దించింది. అటువంటి వూరికి చదువుకోసం వచ్చినవాడి దగ్గర రాసేందుకు పుల్ల లేదు! నాకు వొళ్ళు మండింది.

ఆ రాత్రి డాబామీద పడుకొని వాడు ఫోనులో యేదో చూస్తున్నాడు. "చదువు లేదుగాని సినిమాలా?" అని గద్దించాను.

"సినిమా కాదు, మామయ్యా. నిజం మనుషులే. అమెరికాలో జూనియర్ కాలేజీ ఫుట్‌బాలు" అన్నాడు.

జూనియర్ కాలేజీ అన్నమాటకు నేనూ తల వంచాను. మా ఆవిడ మంచినీళ్ళ చెంబుతో వచ్చి తొంగిచూచి, "ఫుట్‌బాలంటారు, బంతిని చంకన పెట్టుకొని పరుగెడతారేమిటండీ!" అన్నది. నిజమే. అది మన ఫుట్‌బాలు కాదు. కోడిగుడ్డు వాటం బంతి, నెత్తిన శిరస్త్రాణం, జట్టుకు పదకొండుమంది. బంతి పట్టినవాణ్ణి అవతలివాళ్ళు మీదబడి కూల్చేస్తారు. "మన కబడ్డీకి దూరపు చుట్టం, అత్తయ్యా" అని మావాడు బంధుత్వం కలిపాడు.

వాళ్ళ జూనియర్ కాలేజీ కూడా మనది కాదు. మనకు పదో తరగతి తరువాత రెండేళ్ళు. వాళ్ళకు హైస్కూలు మొత్తం అయిన తరువాత రెండేళ్ళు. పెద్ద విశ్వవిద్యాలయాలు మంచి ఆటగాళ్ళకు చదువు, తిండి, బస ఉచితంగా యిస్తాయి. కాని మార్కులు చాలనివాళ్ళు, తప్పు చేసి వెళ్ళగొట్టబడ్డవాళ్ళు, యీ చిన్న కాలేజీల్లో చేరి, ఆటా చదువూ రెండూ చక్కబెట్టుకొని మళ్ళీ పెద్ద గుమ్మం తట్టవలసిందే. అందుకే ఆ కథావళికి 'లాస్ట్ ఛాన్స్ యూ' అని పేరు పెట్టారు. ఆఖరి అవకాశపు విశ్వవిద్యాలయమన్నమాట. గ్రెగ్ వైట్లీ అనే ఆయన తీసిన యిది 2016 నుంచి 2020 దాకా అయిదు భాగాలుగా నెట్‌ఫ్లిక్సులో వచ్చింది.

మొదటి రెండు భాగాలూ మిసిసిపీ రాష్ట్రంలో స్కూబా అనే వూరివి. వెయ్యిమంది కూడా లేని పల్లెటూరు. అక్కడి ఈస్ట్ మిసిసిపీ కాలేజీ జట్టు 2011, 2013, 2014లో జాతీయ విజేత. 2015లో వొక ఆటలో పిల్లలు కొట్లాటకు దిగేసరికి, ఆ యేటి పోటీలనుంచే జట్టును తప్పించారు. గెలిచే జట్టు చేతిలోని పండును తానే నేలపాలు చేసుకొన్నది. కోచ్ బడ్డీ స్టీఫెన్స్ కేకలు వింటుంటే నాకు నా పూర్వాశ్రమం జ్ఞాపకం వచ్చి, కొంచెం సిగ్గుకూడా వేసింది.

కాని నన్ను కట్టిపడవేసింది కోచ్ కాదు, బ్రిట్నీ వాగ్నర్ అనే ఆవిడ. ఆటగాళ్ళ చదువు చూడడం ఆమె పని. తాటిచెట్లంత కుర్రాళ్ళు గదిలోకి వస్తే, క్లాసుకు పోతున్నావా, పెన్సిలు తెచ్చుకొన్నావా అని అడిగేది. లేదంటే తానే వొకటి చేతిలో పెట్టి పంపేది. తరువాత ఆమె పెట్టుకొన్న సంస్థ పేరే 'టెన్ థౌజండ్ పెన్సిల్స్' – పదివేల పెన్సిళ్ళు! వొక కేసులో యిరుక్కొని పెద్ద విశ్వవిద్యాలయంలో చోటు పోగొట్టుకొన్న డకోటా అలెన్ అనే కుర్రాడు స్కూబాలో వొక యేడు గడిపి, తిరిగి ఆ విశ్వవిద్యాలయానికే వెళ్ళాడు. 2019లో లాస్ ఏంజిలిస్ జట్టు అతణ్ణి యెన్నుకొన్నది. అందరూ అంత దూరం పోలేదు. ఆ చిత్రం ఆ సంగతి దాచలేదు.

తరువాతి రెండు భాగాలు కాన్సస్‌లోని ఇండిపెండెన్స్ కాలేజీవి. అక్కడ వొక యేడు విజయోత్సవం, మరుసటి యేడు వరుస పరాజయం. నోటికి అదుపులేని కోచ్ జేసన్ బ్రౌన్, జర్మనీ కుర్రాడికి పంపిన వొక పాడుమాట బయటపడి 2019లో పదవి వదలుకొన్నాడు.

చివరిది ఓక్లండ్ నగరంలోని లేనీ కాలేజీ. అక్కడ ఆటగాళ్ళకు వుపకారవేతనం లేదు, హాస్టలు లేదు. వొక పిల్లవాడు రాత్రిళ్ళు కారులోనే నిద్రపోయేవాడు. కోచ్ జాన్ బీమ్ పిల్లల తిండీ నిద్రా కూడా కనిపెట్టి చూచే పెద్దమనిషి. 2025 నవంబరులో ఆ కాలేజీ ఆవరణలోనే తుపాకి గుండు తగిలి, మర్నాడు కన్నుమూశాడు. యీ మాట చెప్పి మావాడు ఫోను ఆపేశాడు. చాలాసేపు యిద్దరం మాట్లాడలేదు.

నాకు హైదరాబాదు రహీం గారు జ్ఞాపకం వచ్చారు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుంచి అయిదేళ్ళు వరుసగా రోవర్సు కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చింది. 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణం తెచ్చింది. అప్పటికే క్యాన్సరుతో వున్న ఆయన 1963లో పోయారు. కోచ్ అంటే యీలవేసేవాడు కాదు, పంతులే.

తెల్లవారి మావాడితో వొప్పందం చేసుకొన్నాను: పొద్దున మూడుగంటలు లెక్కలు, సాయంత్రం కబడ్డీ. వొకటి యెగ్గొడితే రెండోది బందు. ఆ నెలరోజుల్లో వాడు వొక్కనాడు కూడా లెక్కలు యెగ్గొట్టలేదు. ఆటకోసం చదివాడంటారా? చదవనివ్వండి! ముప్పై యేళ్ళ వుద్యోగంలో యెందరు పిల్లల చేత ఆట మాన్పించానో, వాళ్ళలో యెందరు చదువుకూడా మానుకొన్నారో లెక్క కట్టలేను. లెక్కల పంతులికి యిది చిన్న ముచ్చట కాదు.

సప్లిమెంటరీలో వాడు గట్టెక్కాడు. బావగారు ఫోనులో సంతోషించి, "మరి కబడ్డీ పిచ్చి వదిలిందా?" అన్నారు.

"లేదు. అది కూడు పెడుతుందో లేదో నాకు తెలియదుగాని, బావగారూ, మీవాణ్ణి వేళకు నిద్రలేపి పుస్తకం పట్టించింది అదే" అన్నాను.

ఆయన ఆలోచిస్తానన్నారు. వాడు వెళ్ళేరోజున స్టేషనులో సంచీ నేనే విప్పి చూచాను. మోకాలి పట్టీ వుంది. మిరియాల పొట్లం వుంది. పెన్సిళ్ళు రెండున్నాయి.

"రెండెందుకురా?" అన్నాను.

"మా జట్టులో వొకడి దగ్గర వుండదు, మామయ్యా" అన్నాడు.