శస్త్రచికిత్సకు ముందు డీఎన్‌ఏ పరీక్ష: వైశ్య సమాజంలో బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ లోపం

ప్రవేశిక:

డీఎన్‌ఏ పరీక్ష అనగానే సామాన్య పాఠకునికి నేరపరిశోధనో, పితృత్వ వివాదమో స్ఫురిస్తుంది. వైద్యరంగంలో దాని వినియోగం అంతకంటే విస్తృతమైనది. తలసీమియాను గర్భస్థ దశలోనే గుర్తించడం, రొమ్ము క్యాన్సర్ ముప్పును ముందుగా అంచనా వేయడం, రోగికి సరిపడని ఔషధాన్ని తెలుసుకొని దూరంగా ఉంచడం అందులో భాగాలే. వీటిలో చివరిదానికి తెలుగు సమాజంతో నేరుగా ముడిపడిన ఉదాహరణ ఒకటుంది.

మందు - ఎంజైమ్:

శస్త్రచికిత్స కోసం పూర్తి మత్తు ఇచ్చినప్పుడు శ్వాసనాళంలోకి గొట్టం పంపవలసి వస్తుంది. అందుకు కండరాలను సడలించే మందులలో సక్సినైల్‌కోలిన్ ఒకటి. ఇది నిమిషంలోపే పనిచేస్తుంది. పది నిమిషాలలోపే దాని ప్రభావం తగ్గిపోతుంది. ఇంత త్వరగా తగ్గడానికి కారణం కాలేయంలో తయారై రక్తరసంలో తిరిగే బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. ఎక్కించిన మందులో అధికభాగాన్ని అది కండరాలను చేరకముందే విచ్ఛిన్నం చేస్తుంది.

ఈ ఎంజైమ్ లేనివారిలో అదే మోతాదు గంటల తరబడి నిలుస్తుంది. శ్వాసకండరాలు కదలవు. కృత్రిమ శ్వాస కొనసాగిస్తే ప్రాణాపాయం తప్పుతుంది. కాని మత్తు తగ్గిపోయి సడలింపు మాత్రం మిగిలితే రోగికి అన్నీ తెలుస్తుంటాయి, వేలైనా కదల్చలేడు. అందుచేత ఎంజైమ్ లోపాన్ని అనుమానించిన వైద్యులు మత్తును కూడా కొనసాగిస్తారు. విచిత్రమేమంటే, ఈ లోపం ఉన్నవారు నిత్యజీవితంలో సంపూర్ణ ఆరోగ్యవంతులు. సక్సినైల్‌కోలిన్ వంటి మందు ఎక్కించేవరకు అది బయటపడదు.

లోపానికి మూలం:

ఈ ఎంజైమ్ జన్యువు మూడవ క్రోమోజోముపై ఉంది. కోయంబత్తూరులోని వైశ్య కుటుంబాలను పరిశీలించిన పరిశోధకులు 2006లో ఇందులో ఒక ఉత్పరివర్తనాన్ని గుర్తించారు. ప్రోటీన్ గొలుసులో 307వ స్థానంలో ఉండవలసిన ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరడమే ఆ మార్పు. తల్లి నుండి, తండ్రి నుండి రెండు ప్రతులూ ఇలాంటివే సంక్రమించినవారిలో ఎంజైమ్ చర్య దాదాపు శూన్యం.

హైదరాబాదులోని సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం దీనికి చారిత్రక నేపథ్యాన్ని చూపింది. పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాలలో 81 సమూహాలు అతికొద్దిమంది పూర్వికుల నుండి విస్తరించినవని, ఆ సంకోచం ఫిన్లాండు ప్రజలలోనూ అష్కెనాజీ యూదులలోనూ కనిపించేదానికంటే తీవ్రమని అది తేల్చింది. వైశ్యులలో ఈ ఎంజైమ్ లోపం ఇతరులకంటే సుమారు నూరురెట్లు ఎక్కువని కూడా ఆ పత్రం ప్రస్తావించింది.

సగోత్ర వివాహ నిషేధం దీనిని ఎందుకు ఆపలేదన్న ప్రశ్న సహజం. గోత్రం తండ్రి వరుసను మాత్రమే లెక్కిస్తుంది. తల్లి, నాయనమ్మ, అమ్మమ్మల ద్వారా వచ్చే జన్యువులు ఆ లెక్కలోకి రావు. వివాహాలన్నీ ఒకే కులం లోపల జరిగితే, గోత్రాలు వేరైనా పూర్వికులు కలుస్తూనే ఉంటారు. మేనరికాలు దీనికి అదనం.

ఏ పరీక్ష ఎప్పుడు?

1957లో కాలో రూపొందించిన డిబుకైన్ సంఖ్య పరీక్ష చాలాకాలంగా వాడుకలో ఉంది. డిబుకైన్ అనే మందు సాధారణ ఎంజైమ్‌ను దాదాపు 80 శాతం, ఒకరకమైన వికృత ఎంజైమ్‌ను 20 శాతం మాత్రమే నిరోధిస్తుంది. కాని ఎంజైమే లేనిచోట ఈ సంఖ్యకు అర్థం లేదు. రక్తంలో ఎంజైమ్ చర్యను నేరుగా కొలవడం చవకైన మార్గం. పూర్తి లోపాన్ని కనిపెట్టడానికి తరచు అదే చాలు. అయితే గర్భధారణ, కాలేయవ్యాధి, పురుగుమందుల విషప్రభావం కూడా ఆ చర్యను తగ్గిస్తాయి. పురుగుమందు తాగినట్లు అనుమానమున్న రోగికి చేసేదీ ఇదే పరీక్ష కనుక, వంశానుగత లోపమున్న వ్యక్తి విషయంలో వైద్యుడు పొరబడే అవకాశం ఉంది.

డీఎన్‌ఏకు ఈ ఒడుదొడుకులు లేవు. కొద్దిపాటి రక్తం నుండో, బుగ్గ లోపలి కణాల నుండో సేకరించిన నమూనా ఒకసారి చదివితే ఫలితం జీవితాంతం మారదు. ఒకే ప్రతి ఉన్న వాహకులను కూడా అది స్పష్టంగా చూపుతుంది. ఎంజైమ్ కొలతలో వారు సాధారణ వ్యక్తులతో కలిసిపోవచ్చు. దీని అసలైన ప్రయోజనం కుటుంబంలో ఒకరికి లోపం బయటపడినప్పుడు తెలుస్తుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే తోబుట్టువులలో ప్రతి ఒక్కరికీ అదే లోపం ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. వారికి పరీక్ష చేసి, ఫలితాన్ని వైద్యపత్రాలలో రాయించి, ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందుగా చెప్పమనడం చాలు. రోక్యురోనియం వంటి ప్రత్యామ్నాయాలు అందుబాటులో ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కులనామం రోగనిర్ధారణ కాదు: వైశ్యులలో అత్యధికులకు ఈ లోపం లేదు, ఇతరులలోనూ వేరే ఉత్పరివర్తనాల వల్ల ఇది కనిపిస్తుంది. 307వ స్థానాన్ని మాత్రమే వెదికే పరీక్ష ఆ తక్కిన వాటిని పట్టుకోలేదు. మత్తువైద్యుడు అడగవలసిన మొదటి ప్రశ్న కులం గురించి కాదు, ‘మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషను తరువాత స్పృహలోకి రావడానికో, ఊపిరి తీసుకోవడానికో ఆలస్యమైందా?’ అన్నదే. వాహకత్వాన్ని పెళ్లిసంబంధాల్లో లోపంగా ఎంచడం కూడా అర్థరహితం. సక్సినైల్‌కోలిన్ వంటి మందులను మానుకుంటే ఈ జన్యువు వల్ల సాధారణంగా హాని లేదు.