యు-35 (జర్మన్ జలాంతర్గామి)

యు-35 మొదటి ప్రపంచ యుద్ధ కాలమునాటి జర్మనీ సామ్రాజ్య నౌకాదళానికి చెందిన జలాంతర్గామి. శత్రుదేశాల వాణిజ్య నౌకలను ముంచడంలో దీనిని మించిన జలాంతర్గామి చరిత్రలో మరొకటి లేదు. 1915, 1918 సంవత్సరాల మధ్య ఇది ముంచిన వాణిజ్య నౌకల సంఖ్య సుమారు 220. వాటి మొత్తం పరిమాణం 5 లక్షల టన్నులకు పైమాటే. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంతకంటే పెద్దవి, వేగవంతమైనవి ఎన్ని వచ్చినా ఈ సంఖ్యను అందుకోలేకపోయాయి. విశేషమేమంటే ఈ నౌకలలో అధికభాగం టార్పెడో దెబ్బకు మునిగినవి కావు. జలాంతర్గామి నీటిపైకి వచ్చి, నౌకను ఆపించి, సిబ్బందిని పడవలలోకి దింపించి, ఆ తరువాత ఫిరంగితోనో ప్రేలుడు పదార్థాలతోనో ముంచినవి.

ఇక్కడ టన్ను అనగా బరువు కాదు. నౌక లోపలి చోటును కొలిచే ప్రమాణం. 100 ఘనపు అడుగులు ఒక టన్ను. పై లెక్క ప్రకారం ఒక్కొక్క నౌక సగటు పరిమాణం 2,300 టన్నులు మాత్రమే. కనుక యు-35కు చిక్కినవన్నీ మహానౌకలు అనుకోరాదు. వాటిలో చిన్న తెరచాప ఓడలు కూడా చాలా ఉన్నాయి.

నిర్మాణము

కీల్ నగరంలోని జెర్మానియా నౌకానిర్మాణ కేంద్రంలో దీనిని నిర్మించారు. 1914 ఏప్రిల్ 18న జలప్రవేశం చేసి, అదే సంవత్సరం నవంబరు 3న నౌకాదళంలో చేరినది. పొడవు సుమారు 65 మీటర్లు. సిబ్బంది 35 మంది. ఉపరితలంపై డీజిల్ యంత్రాలతో గంటకు 16 నాట్లకు మించిన వేగంతో ప్రయాణించగలదు. నీట మునిగినప్పుడు బ్యాటరీల మీద నడవాలి కాబట్టి ఆ వేగం 10 నాట్లకు లోపే. అందునా 5 నాట్ల మందగమనంతో సాగినా 80 నాటికల్ మైళ్ళు వెళ్ళేసరికి బ్యాటరీలు అయిపోయేవి. నాటి జలాంతర్గాములన్నీ అంతే. అవి నిజానికి అవసరమైనప్పుడు మునగగల పడవలే తప్ప, నీటి అడుగున కాపురముండేవి కావు.

దీనిలో ముందు రెండు, వెనుక రెండు చొప్పున నాలుగు టార్పెడో గొట్టాలు కలవు. కానీ తీసుకువెళ్ళగల టార్పెడోలు ఆరు మాత్రమే. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆరు టార్పెడోలతో, ప్రతి దెబ్బా తగిలినా, ఒక యాత్రలో ఆరు నౌకలకు మించి ముంచుట సాధ్యం కాదు. ఫిరంగి గుండ్లైతే వందల సంఖ్యలో పడతాయి. తొలుత ఉన్న 7.5 సెంటీమీటర్ల ఫిరంగి కంటే శక్తివంతమైన 10.5 సెంటీమీటర్ల ఫిరంగిని తరువాత అమర్చారు. ఈ జలాంతర్గామి చరిత్ర అంతా ఒక విధంగా ఆ ఫిరంగి చరిత్రే.

కోఫామెల్ నాయకత్వము

మొదటి నాయకుడు వాల్డెమార్ కోఫామెల్. 1915లో యు-35 మధ్యధరా సముద్రానికి చేరి, ఆస్ట్రియా-హంగేరీ రేవులైన పోలా, కట్టారోలను స్థావరాలుగా చేసుకున్నది. బ్రిటన్, ఫ్రాన్సు, ఇటలీ దేశాల సరకులు ఆ సముద్రం మీదుగానే సాగేవి. సూయజ్ కాలువ ద్వారా భారతదేశానికి పోయే మార్గమూ అదే.

1915 అక్టోబరు 23న అలెగ్జాండ్రియా నుండి సలోనికాకు వెళ్తున్న మార్కెట్ అనే బ్రిటిష్ రవాణా నౌకను యు-35 టార్పెడోతో ముంచినది. 167 మంది మరణించారు. వారిలో పదిమంది న్యూజీలాండ్ నర్సులు. వైద్య సిబ్బందిని గుర్తులున్న ఆసుపత్రి నౌకలో పంపక, సైనికులూ మందుగుండు సామగ్రీ ఉన్న నౌకలో ఎందుకు ఎక్కించారన్న ఆగ్రహం న్యూజీలాండులో పెల్లుబికినది.

నవంబరు 5న ఈజిప్టు తీరాన సల్లూం వద్ద తారా అనే బ్రిటిష్ సాయుధ నౌక మునిగినది. ప్రాణాలతో మిగిలిన సుమారు 90 మందిని కోఫామెల్ ఒడ్డుకు చేర్చి, బ్రిటన్‌పై పోరాడుతున్న సెనూసీలకు అప్పగించాడు. వారు ఎడారిలో ఆకలితో నాలుగు నెలలకు పైగా బందీలుగా గడిపారు. 1916 మార్చిలో బ్రిటిష్ సాయుధ కారుల దళం వారిని విడిపించినది.

ఆర్నో ద లా పెరియేర్

1915 నవంబరులో నాయకత్వం లోథార్ ఫాన్ ఆర్నో ద లా పెరియేర్ చేతికి వచ్చినది. 1886లో పోజెన్ నగరంలో (నేటి పోలండులోని పోజ్నాన్) జన్మించిన ఇతని పూర్వీకులు ఫ్రెంచివారు. పేరులోనే అది తెలుస్తుంది. యు-35 విజయాలలో అత్యధిక భాగం ఇతని కాలానివే.

ఆర్నో పద్ధతి యుద్ధంలో పట్టుబడిన నౌకల గురించి అంతర్జాతీయంగా ఉన్న పాత నియమాలను అనుసరించినది. వాటి ప్రకారం నిరాయుధ వాణిజ్య నౌకను హెచ్చరిక లేకుండా ముంచరాదు. దానిని ఆపి, కాగితాలు పరిశీలించి, మనుషులకు రక్షణ కల్పించిన తరువాతే ముంచాలి. ఆర్నో దూరం నుండి హెచ్చరికగా ఫిరంగి పేల్చేవాడు. నౌక ఆగితే సిబ్బంది పడవలలోకి దిగేవారు. అప్పుడు అతని మనుషులు ఆ నౌక అడుగున ప్రేలుడు పదార్థాలు పెట్టేవారు, లేదా నీటిమట్టం వద్ద ఫిరంగితో కాల్చేవారు.

దీనిని కేవలం దయాగుణంగా వర్ణించుట పొరపాటు. ఈ పద్ధతిలో టార్పెడోలు మిగిలేవి. ఆనాటి సరకు నౌకలు చాలావరకు యు-35 కంటే నెమ్మదిగా నడిచేవి, ఒంటరిగా ప్రయాణించేవి, ఫిరంగులు లేనివి. నియమమూ లాభమూ ఒకే దారిలో నడిచాయి. పైగా నడిసముద్రంలో చిన్న పడవలలో వదిలివేయబడిన నావికులకు అది ఎంతమాత్రం రక్షణ అన్నది కూడా ఆలోచించదగినదే.

1916 జూలై 26 నుండి ఆగష్టు 20 వరకు సాగిన యాత్ర దీనికి పరాకాష్ఠ. నాలుగు వారాలైనా నిండకుండా 54 నౌకలు, 90 వేలకు పైగా టన్నులు మునిగాయి. వాడిన టార్పెడోలు నాలుగు, ఫిరంగి గుండ్లు సుమారు 900. ఇంతటి ఫలితమిచ్చిన జలాంతర్గామి యాత్ర మరొకటి లేదు.

యుద్ధనౌకలు, సైనికుల నౌకల విషయంలో హెచ్చరిక ఉండేది కాదు. 1916 ఫిబ్రవరి 26న లా ప్రోవాన్స్ అనే ఫ్రెంచి నౌక మునిగి సుమారు వెయ్యిమంది చనిపోయారు. మార్చి 1న ప్రిమ్యులా అనే చిన్న బ్రిటిష్ యుద్ధనౌక, ముందుభాగం ధ్వంసమైనా, వెనుకకు నడుస్తూ జలాంతర్గామిని గుద్దుటకు ప్రయత్నించినది. దానిని ముంచుటకు ఆరింటిలో నాలుగు టార్పెడోలు ఖర్చయ్యాయి!

అన్నిటికంటే ఘోరమైనది గాలియా ఉదంతం. ఫ్రెంచి, సెర్బియన్ సైనికులతో సలోనికా వెళ్తున్న ఈ పెద్ద నౌకపై 1916 అక్టోబరు 4న ఆర్నో ఒకే ఒక్క టార్పెడో ప్రయోగించాడు. వెయ్యిమందికి పైగా మరణించారు. ఆనాడు పెరిస్కోపులో చూచిన దృశ్యం తనను కలచివేసినదని అతడు యుద్ధానంతరం తెలిపాడు. ఆ ఘటన జరిగిన వారం రోజులకు, అక్టోబరు 11న, అతనికి జర్మనీ అత్యున్నత సైనిక పురస్కారమైన పూర్ ల మెరీట్ లభించినది.

కార్టజీనా, సినిమా

1916 జూన్ 21న యు-35 తటస్థ దేశమైన స్పెయిన్‌లోని కార్టజీనా రేవులో ప్రత్యక్షమై సంచలనం కలిగించినది. జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ స్పెయిన్ రాజు 13వ అల్ఫాన్సోకు వ్రాసిన లేఖను అది తెచ్చినది. కామెరూన్ నుండి వచ్చిన జర్మన్లను ఆదరించినందుకు కృతజ్ఞతలు తెలుపుతూ వ్రాసిన లేఖ అది. మిత్రరాజ్యాలు తీవ్రంగా నిరసించాయి.

1917 వసంతకాలపు యాత్రలో ఒక ఛాయాగ్రాహకుడు కూడా జలాంతర్గామిలో ప్రయాణించి, నౌకలు మునుగుతున్న దృశ్యాలను చిత్రీకరించాడు. ఆ చిత్రాలతో జర్మనీ ప్రభుత్వం ప్రచార చిత్రాన్ని విడుదల చేసినది. యుద్ధానంతరం అదే చిత్రాన్ని బ్రిటన్ శత్రువు క్రూరత్వానికి నిదర్శనంగా ప్రదర్శించుట గమనార్హం.

చివరి దశ

1917 ఫిబ్రవరి 1 నుండి జర్మనీ హెచ్చరిక లేని జలాంతర్గామి యుద్ధాన్ని ప్రకటించినది. అదే సంవత్సరంలో మిత్రరాజ్యాలు నౌకలను గుంపులుగా, యుద్ధనౌకల కాపలాతో నడపడం ఆరంభించాయి. వాణిజ్య నౌకలపై ఫిరంగులూ వెలిశాయి. ఒంటరి నౌకలు అరుదైపోగా, ఉపరితలంపై ఫిరంగితో వేటాడుట ప్రాణాంతకమైనది. 1918 మార్చిలో ఆర్నో కొత్త జలాంతర్గామి కొరకు యు-35ను వీడాడు. అతడు మొత్తంమీద 194 నౌకలు ముంచాడు. యుద్ధాంతంలో యు-35 స్పెయిన్‌లోని బార్సెలోనా రేవు చేరి, అక్కడ నిర్బంధించబడినది. తరువాత దానిని ఇంగ్లాండులోని బ్లైత్ వద్ద తుక్కుగా విడగొట్టారు.

మద్రాసుపై 1914 సెప్టెంబరు 22న గుళ్ళు కురిపించిన ఎండెన్ పేరు తెలుగువారికి సుపరిచితం. ఆ పేరుతోనే తరువాత నిర్మించిన మరొక యుద్ధనౌకకు 1928-1930 మధ్య ఆర్నో నాయకుడు. 1930లలో టర్కీ నౌకాదళ విద్యాలయంలో బోధించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో తిరిగి సేవలో చేరి, 1941 ఫిబ్రవరి 24న పారిస్ సమీపాన లె బూర్జే వద్ద విమాన ప్రమాదంలో మరణించాడు.