కిరాయి అర్రలో ఆఫీసు

నిజామాబాద్ పట్నంలో కంఠేశ్వర్ ఒక పేట. అక్కడ నీలకంఠేశ్వరుని గుడి ఉంది. రథసప్తమి వచ్చిందంటే గుడి దగ్గర జనమే జనం. మిగతా రోజుల్లో అది మామూలు పేటే. ఇండ్లు, కిరాణా దుకాణాలు, ఆటోలు, బడికి పోయే పిల్లలు.

ఈ పేటలో ఒక ఇంటికి ఒక అమ్మాయి కిరాయికి వచ్చిందనుకుందాం. ఆమెది గుంటూరు దిక్కు. హైదరాబాద్ కంపెనీలో కొలువు. అక్కడ కిరాయిలు ఎక్కువ. అందుకని ఆర్నెల్లు ఇక్కడ ఉందామని వచ్చింది. చేతిలో ఒక పెట్టె. భుజానికి కంప్యూటర్ సంచి.

వారం గడిచింది. అమ్మాయి ఎక్కడికీ పోదు. పగలు తలుపు మూసి ఉంటుంది. రాత్రి పదకొండయినా దీపం ఆరదు. ఒక్కతే మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. ఇంటావిడకు అనుమానం వచ్చింది.

"ఇయ్యాల గూడ పనికి పోలేదా బిడ్డా?"

"నా పని ఇంట్లోనే ఆంటీ."

"ఇంట్ల కూసుంటే ఎవలు పైసలిస్తరు?"

పక్కింటి అక్క బీడీలు చుడుతూ ఈ మాట విన్నది. "అదేంది వదినా! మనం ఇంట్ల కూసునే బీడీలు చేస్తలేమా? కంపెనీ మన అర్రల ఉన్నదా?" అని నవ్వింది.

ఆ అక్క అన్నది నిజమే.

ఇది ఎట్లాంటి పని?

బీడీ కంపెనీ ఎక్కడో ఉంటుంది. ఆకు, తంబాకు, దారం ఇంటికి వస్తాయి. చుట్టిన బీడీలు తిరిగి పోతాయి. చేసేది ఇంట్లో, అప్పజెప్పేది కంపెనీకి. ఇంట్లో బీడీలు చుట్టే మనిషిని కూడా 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం కార్మికురాలిగానే గుర్తించింది. ఇంట్లో చేసినంత మాత్రాన అది పని కాకుండా పోదు.

ఈ అమ్మాయి పని కూడా అంతే. ఆకు, తంబాకుకు బదులు లెక్కలు, ఉత్తరాలు, కంప్యూటర్‌కు చెప్పే సూచనలు వస్తాయి. అవి ఇంటర్నెట్ మీద వస్తాయి, చేసినంక ఇంటర్నెట్ మీదే పోతాయి. మన వీధి స్తంభాల మీద పోయే కొన్ని తీగల లోపల వెంట్రుకంత సన్నని గాజు పోగులు ఉంటాయి. మాట, బొమ్మ, లెక్క అన్నీ వెలుగు రూపంలో ఆ పోగుల్లో పోతాయి. కండ్లు మూసి తెరిచేలోగా దేశాలు దాటుతాయి.

2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. అప్పుడు కంపెనీలు "ఇంటి నుంచే పని చేయండి" అన్నాయి. ఎందరో కంప్యూటర్లు పట్టుకొని సొంతూళ్లకు వచ్చారు. చిన్న ఊరి నుంచి కూడా ఈ పని నడుస్తుందని అప్పుడు తెలిసింది. 2023 ఆగస్టులో నిజామాబాద్‌లోనే ఐటీ హబ్ తెరిచారు. ఇలాంటి కంపెనీలు కూర్చొని పని చేసేందుకు కట్టిన భవనం అది.

రాత్రిపూట పని ఎందుకు?

భూమి గుండ్రంగా ఉంటుంది. తన చుట్టూ తాను తిరుగుతుంది. మనకు పొద్దు గూకే వేళ అమెరికాలో పొద్దు పొడుస్తుంది. అక్కడి న్యూయార్క్ పట్నంలో పొద్దున 9 గంటలయితే, మనకు చలికాలంలో రాత్రి 7.30, ఎండాకాలంలో సాయంత్రం 6.30. అక్కడివాళ్లతో మాట్లాడాలంటే ఈ అమ్మాయి రాత్రి మేలుకోవాలి. ఒక్కతే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కాని కంప్యూటర్ అవతల పది మంది ఉంటారు.

సంగతి తెలియక, రాత్రి దీపం వెలిగే ఇంటి మీద నలుగురూ నాలుగు మాటలు అంటారు. ఆ మాటలు ఒక ఆడపిల్ల కొలువు పోగొట్టవచ్చు. తెలుసుకొని మాట్లాడడం మంచిది.

వలస మనకు కొత్త కాదు

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు పారాయి. కోస్తా జిల్లాల రైతులు వచ్చి బోధన్, వర్ని దిక్కు పొలాలు చేశారు. వాళ్లు ఉన్న చోట్లను ఇప్పటికీ క్యాంపులు అనే పిలుస్తారు. క్యాంపు అంటే కొన్నాళ్లు ఉండే చోటు. కాని వాళ్లు ఇక్కడివాళ్లే అయిపోయారు.

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. పని కోసం ఎక్కడెక్కడి వాళ్లో దాని చుట్టూ చేరారు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. పని పోయింది. కొందరు ఊరే విడిచిపోయారు. అప్పుడు పని ఉన్న చోటికి మనిషి పోయాడు. ఇప్పుడు కొన్ని పనులు మనిషి ఉన్న చోటికి వస్తున్నాయి.

ఇట్లా వచ్చేవాళ్ల వల్ల కిరాణా దుకాణానికి, కర్రీ పాయింటుకు, ఆటోకు గిరాకీ పెరుగుతుంది. కాని ఎక్కువ మంది వస్తే కిరాయిలు కూడా పెరుగుతాయి. అప్పుడు బీదవాళ్లకు అర్ర దొరకడం కష్టమవుతుంది. రెండూ ఆలోచించాలి.

కిరాయి కాగితం

మాట మీద అర్ర ఇస్తే తర్వాత పంచాయితీ వస్తుంది. కాగితం రాసుకోవాలి. అందులో ఇవి ఉండాలి:

నెల కిరాయి ఎంత?
అడ్వాన్సు ఎంత? ఎప్పుడు తిరిగి ఇస్తారు?
కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు ఎవరు కట్టాలి?
ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

ఏడాదికి మించిన కిరాయి కాగితాన్ని రిజిస్ట్రేషన్ చేయించాలి. అందుకే చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. వచ్చిన మనిషి గుర్తింపు కార్డు జిరాక్స్ ఒకటి దగ్గర పెట్టుకోవాలి. పైసలు తీసుకున్నప్పుడల్లా రసీదు ఇవ్వాలి.

ఇల్లు మీ పేర ఉంటే సంతకం మీదే. చదవకుండా సంతకం పెట్టకండి. మెల్లగా, ఒక్కొక్క మాట కూడబలుక్కొని చదవండి. అర్థం కాకపోతే అడగండి. అడగడం సిగ్గు కాదు. మీరు చదువు నేర్చింది ఇందుకే.

కొత్త మనిషికి ఏం చెప్పాలి?

నల్లా నీళ్లు ఏ వేళకు వస్తాయో చెప్పండి. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పండి. కరెంటు పోతే ఆమె పని ఆగుతుంది. దగ్గరి దవాఖాన చూపించండి. ఆపద వస్తే ఫోను చేయవలసిన నెంబరు 112. ఆడవాళ్లకు సాయం చేసే నెంబరు 181. ఒంటరిగా ఉన్న పిల్లకు "తిన్నవా బిడ్డా?" అన్న ఒక్క మాట ఎంతో ధైర్యం.

మోసం ఉంది, జాగ్రత్త!

ఈ పని సంగతి విని మీ బిడ్డకు కూడా ఆశ పుడుతుంది. పుట్టాలి కూడా. కాని ఇదే పేరుతో మోసగాళ్లు ఉన్నారు. "ఇంట్లో కూర్చొని రోజుకు వేలు సంపాదించండి" అని ఫోనుకు మెసేజ్ వస్తుంది. ముందు ఫీజు కట్టమంటారు. కొందరు మొదట కొంచెం పైసలు పంపి నమ్మిస్తారు. తర్వాత పెద్ద మొత్తం గుంజుతారు. గల్ఫ్ వీసా పేరుతో మోసపోయిన ఇండ్లు మన దిక్కు ఉన్నాయి. ఇదీ అట్లాంటిదే.

ఒక్క మాట గుర్తుంచుకోండి. నిజమైన కంపెనీ జీతం ఇస్తుంది, ఫీజు అడగదు. ఫోనుకు వచ్చిన ఓటీపీ నెంబరు ఎవరికీ చెప్పకండి. మోసపోతే ఏడుస్తూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చెబితే పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంటావిడ ఇప్పుడు రాత్రి దీపం చూసి భయపడదు. "నా బిడ్డ ఇంటర్ చదువుతుంది. ఈ పని నేర్వాలంటే ఏం చదవాలె?" అని ఆ అమ్మాయిని అడిగింది. మీరూ అడగండి.

ఆలోచించండి, మాట్లాడండి

1. బీడీ పనికి, కంప్యూటర్ పనికి పోలిక ఏమిటి? తేడా ఏమిటి?
2. మీ ఇంట్లో కిరాయి కాగితం ఉందా? చదివి చూడండి.
3. 112, 181, 1930. ఈ నెంబర్లు మీ చేత్తో రాసి గోడకు అతికించండి.